ఆడువారికి చూచువారి బలము

కర్ణుని రథమును తోలుటకు శల్యుడు కూర్చుండిన ఘట్టము భారతము చదువుకొన్న స్త్రీలందరు నెరిగినదే. శల్యుడు కర్ణునిపై నొక్క బాణమైనను వేయలేదు. గుఱ్ఱములను చక్కగనే తోలెను. ఆతడు చేసినదంతయు మాటలతోనే. నీ వర్జునునకు సాటిరావనియు, హంసతో పందెమునకు బోయిన కాకివంటివాడవనియు యుద్ధమునకు బోవుచున్నవాని చెవిలో విడువక చెప్పెను. ఈ సాయమును ధర్మరాజు ముందుగనే శల్యుని కోరియుండెను. దీనికి మనవారు తేజోవధయని పేరిడిరి. దీనికి సరిగా ప్రతికూలమైన కథ కిష్కింధాకాండము చివర గలదు. సముద్రతీరమున నొకవైపు మౌనముగ కూర్చున్న హనుమంతుని జాంబవంతుడు పొగడెను. చుట్టునున్న వానరులు సంతోషించి స్తుతించిరి. ఆ మాటలు వినుచుండగనే యాతడు పెరిగి సముద్రమును దాటుటకు సిద్ధమయ్యెను.

చెంతనున్నవారి మాట బలమునిచ్చుననియు, బలమును హరించుననియు మన గ్రంథములు చెప్పుచున్నవి. నేటి క్రీడారంగమున నిది యెంతవరకు నిజము? వేలకొలది జనులు చప్పట్లు చరచి పేరెత్తి పిలిచినచో పరుగెత్తు పిల్ల కాలికి నిజముగా వేగము వచ్చునా? దూరమున నుండి మనము చేయు సంకల్పము అచటికి చేరునా? సోదరీమణులారా, ఇది పురుషులు కాఫీ త్రాగుచు మాటలాడుకొను క్రికెట్టు ముచ్చట మాత్రము కాదు. నేడు మన కూతుండ్రు కబడ్డీ ఆడుచున్నారు, పరుగెత్తుచున్నారు, కుస్తీలును పట్టుచున్నారు. వారిని చూచువారిలో మనము గలమా లేమా, ఉన్నచో నెట్లుండవలెనన్నది మన యింటి ప్రశ్నయే.

మొదట విశాఖపట్టణపు బిడ్డ జ్యోతి యర్రాజి విషయము చెప్పెదను. ఈమెది నూరు మీటర్ల హర్డిల్సు పరుగు. అనగా దారిలో నిలిపిన పది అడ్డుకట్టలను దాటుచు పరుగెత్తవలెను. తండ్రి కాపలా యుద్యోగి, తల్లి ఇతరుల యిండ్లలో పనిచేసి సంసారము నీదిన యిల్లాలు. 2023వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన చైనా దేశమున హాంగ్‌ఝౌ నగరములో ఆసియా క్రీడల తుది పరుగు జరిగెను. ప్రక్క వరుసలో చైనా దేశపు పేరుమోసిన క్రీడాకారిణి వూ యన్ని నిలిచినది. స్టేడియములోని జనులు ఆమె పక్షము. తుపాకి మ్రోగకముందే వూ యన్ని కదలెను. ఆమె కదలికను జూచి జ్యోతియు కదలెను. అధికారులు తొలుత నిద్దరిని తొలగింప జూచిరి. మన పిల్ల వెనుదీయక, తప్పు తనది కాదని అచ్చటనే నిలిచి వాదించినది. చిత్రములు పరిశీలించి, తగవు తరువాత తీర్చెదమని ఇద్దరిని పరుగెత్తనిచ్చిరి. జ్యోతి 12.91 సెకనులలో మూడవదిగా వచ్చెను. పరుగు ముగిసిన పిమ్మట వూ యన్నిని తొలగించి జ్యోతికి వెండి పతక మిచ్చిరి.

ఆ దృశ్యము నొక్కసారి మనసులో నిలుపుకొనుడు. పరదేశము, పరాయి జనము, చేయని తప్పునకు ఎఱ్ఱచీటి, మాటకు మాట చెప్పిన మరుక్షణమున మరల వంగి పరుగునకు సిద్ధపడుట. ఇది శల్యుని సారథ్యమున యుద్ధము చేయుట వంటిదే.

ఇక 2025వ సంవత్సరము మే 29వ తేదీ. దక్షిణ కొరియాలోని గూమీ పట్టణమున ఆసియా అథ్లెటిక్సు పోటీలు. ఆనాడు ఉరుములతో పెద్దవాన కురిసి పోటీలు ఆలస్యమయ్యెను. జనము లేచిపోయిరి. మెట్లమెట్లుగా కట్టిన ఆసనములన్నియు ఖాళీ. ఆ నిశ్శబ్దమునందు జ్యోతి 12.96 సెకనులలో పరుగెత్తి బంగారు పతకము గెలిచి ఆ పోటీలలో క్రొత్త రికార్డు నెలకొల్పెను. పతకము మెడలో వేసికొని వేదికపై నిలిచి, జనగణమన మ్రోగుచుండగా నామె కన్నీరు పెట్టిన దృశ్యమును మన దేశమున లక్షలమంది తరువాత ఫోనులలో జూచిరి. చూడవలసిన గడియలో మాత్రము చూచువారు దాదాపు లేరు.

హాంగ్‌ఝౌలో 12.91, గూమీలో 12.96. ఒకచో నిండిన స్టేడియము, అదియు పరపక్షము; మరియొకచో శూన్యము. రెంటికి భేదము సెకనులో ఇరువదవ వంతు. గాలి, వాన, తడినేల మొదలగువాని ప్రభావమును తీసివేసినచో ఆ భేదములో చూచువారి పాలు ఎంత మిగులునో యెవరు చెప్పగలరు? నా మట్టుకు తోచునది: పదమూడు సెకనుల పరుగులో చెవి విని మనసు చలించుటకు తావు లేదు. ఏండ్ల తరబడి కాలికి నేర్పిన విద్య కాలే చేసికొనిపోవును. చూచువారి ప్రభావము నిచట వెదకుట తగదు, మరియొకచోట వెదకవలెను.

ఈ విషయమును శాస్త్రజ్ఞులు నూటయిరువది యేండ్లకు పైగా పరీక్షించుచున్నారు. అమెరికా దేశమున నార్మన్ ట్రిప్లెట్ అను నాతడు సైకిలు పందెములను గమనించి, ఒంటరిగా త్రొక్కుటకన్న ఇతరులతో గలసి త్రొక్కినపుడు వేగము హెచ్చుచున్నదని కనుగొనెను. 1898లో ప్రకటించిన వ్యాసమున పిల్లలచే చేపలగాలపు చక్రము త్రిప్పించిన పరీక్షను గూడ వివరించెను. తోటివారు ప్రక్కన త్రిప్పుచుండగా పిల్లలలో సగము మంది వేగముగ త్రిప్పిరి. కొందరు తొట్రుపడి వెనుకబడిరి. కొందరికి భేదమే లేదు. ఈ తొట్రుపడినవారి రహస్యము చాలకాలము తెలియలేదు.

అది విప్పినవాడు రాబర్ట్ జాయాన్స్. ఈతడు పోలెండు దేశమున బుట్టి అమెరికాలో ఆచార్యుడైనవాడు. చూచువారుండిన ప్రాణికి ఉద్రేకము గలుగును. ఆ ఉద్రేకము బాగుగ అలవడిన పనిని చురుకుజేయును, అలవడని పనిని చెడగొట్టును అని 1965లో చెప్పెను. దీనిని రుజువు చేయుటకు 1969లో ఆయనయు ఆయన సహచరులును ఎన్నుకొన్న ప్రాణి మన వంటయింటి బొద్దింక! దీపపువెలుగు నుండి పారిపోవుట దానికి పుట్టుకతో వచ్చిన విద్య. తిన్నని గొట్టములో దానిని పరుగెత్తించిరి. ప్రక్కన పారదర్శకమైన పెట్టెలలో మరికొన్ని బొద్దింకలను ప్రేక్షకులుగా నుంచిరి. చూచువారుండగా బొద్దింక ఇంకను వేగముగ పరుగెత్తెను. పిదప మలుపుగల దారిలో వదలిరి. ఇప్పుడు చూచువారుండగా దారి తెలిసికొనుటకు ఎక్కువ కాలము పట్టెను. రాత్రి వేళ వంటయింట దీపము వెలిగించినపుడెల్ల నాకీ పరీక్ష జ్ఞాపకము వచ్చి నవ్వు వచ్చును గాని, ఇది మన యింటిలో దినదినము జరుగునదే. చేయితిరిగిన గృహిణి పదిమంది యతిథులు వచ్చిరన్న మరింత చురుకుగా వండును. క్రొత్తకోడలు అత్తగారు గుమ్మమున నిలిచి చూచుచున్నంతసేపు పప్పులో నుప్పు వేసితినా లేదాయని మరచి రెండుమారులు వేయును. పప్పు అదే, ఉప్పు అదే.

మనుష్యులయందు గూడ దీనిని పరీక్షించిరి. 1982లో అమెరికాలో బంతులను కర్రతో గొట్టు పూల్ అను ఆట ఆడువారిని దూరమునుండి గమనించి, పిదప నలుగురు మనుష్యులు దగ్గరకు బోయి నిలిచి చూచిరి. బాగుగ నాడువారు నూటికి 71 దెబ్బలు సరిగా గొట్టుచుండిరి. నలుగురు చూడగా 80 గొట్టిరి. ఆట సరిగా రానివారు నూటికి 36 గొట్టుచుండి, నలుగురు చూడగా 25కు దిగిపోయిరి. చూచువారు బలమును క్రొత్తగా పుట్టింపరు. ఉన్నదానిని పెంచెదరు, లేనిదాని లేమిని బయటపెట్టెదరు.

ఇచట నింకొక చిక్కు గలదు. పరాయివారు చూచుటకన్న మనవారు చూచుట సుఖమని యందరము తలంతుము. 1998లో బట్లరు, బామైస్టరు అను నిద్దరు ఒక పరీక్ష చేసిరి. పెద్ద సంఖ్య నుండి వరుసగా తీసివేయు కష్టమైన లెక్కలు చేయించిరి. గెలువవలెనని కోరు ప్రేక్షకుల యెదుట చేసినవారికి మనసు కుదుటగానే యుండెను, తాము బాగుగ చేసితిమనియు ననుకొనిరి. పని మాత్రము మందగించెను. ప్రేమించువారి యెదుట తప్పు చేయరాదన్న జాగ్రత్త యెక్కువయై, చేయి తనంత తాను చేయవలసిన పనిని మనసు మధ్యలో దూరి ఆపునని వారి యూహ. ఇది యొక్క పరీక్ష మాత్రమే; దానిపై నంతయు కట్టరాదు. అయినను పాటలపోటీలో తల్లి ముందువరుసలో గూర్చుండుటచే చరణము మరచిన పిల్లను మీరును జూచియుందురు.

చూచువారి కేక ఆడువారిపై గాక మరియొకరిపై పనిచేయునన్నది ఈ శాస్త్రమున నాకు మిక్కిలి యాశ్చర్యము గొలిపిన సంగతి. ఆ మరియొకరు తీర్పరి. ఇంగ్లండులో నెవిల్, బామర్, విలియమ్సు అనువారు 2002లో నలుబదిమంది ఫుట్‌బాల్ రిఫరీలకు ఒకే ఆటలోని 47 ఘర్షణలను చూపి, తప్పా కాదా తీర్పు చెప్పుడనిరి. సగము మందికి జనుల కేకలతో చూపిరి, సగము మందికి నిశ్శబ్దముగ చూపిరి. కేకలు విన్నవారు సొంతయూరి జట్టుపై నూటికి పదునైదు వంతుల పైచిలుకు తప్పులు తక్కువ చూపిరి. చూచినది ఒకే చిత్రము. వినినది వేరు. 2020లో కరోనా మహమ్మారి వచ్చినపుడు లోకమంతటికి దీనిని పరీక్షించు నవకాశము దొరకెను. ఆ మే 16వ తేదీన జర్మనీ ఫుట్‌బాల్ పోటీలు ఖాళీ స్టేడియములలో మరల మొదలయ్యెను. సొంతగడ్డపై గెలుపులు తగ్గినవి. రిఫరీలు పరాయి జట్టువారికి చూపుచుండిన అధికపు పసుపుచీటీలును తగ్గినవని పెక్కు పరిశోధనలలో తేలెను.

కావున సొంతగడ్డ బలమనునది కొంత ఆడువారి గుండెలో నున్నది, కొంత తీర్పరి చెవిలో నున్నది. ద్రోణుడు దీనిని బాగుగ నెరిగినవాడు. కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనమున భీమ దుర్యోధనులు గదలు బట్టగా చూచువారు రెండుగా చీలి, ఒకరు భీమునకును, ఒకరు దుర్యోధనునకును కేకలు వేయసాగిరి. అది చూచి ద్రోణుడు వెంటనే అశ్వత్థామను బంపి ఆట నాపించెను. ఆడువారి కోపముకన్న చూచువారి పక్షపాతమునకే ఆయన భయపడెనని నా తలంపు.

మన తెలంగాణపు ఉత్తరభాగమునకు వచ్చెదము. నిజామాబాదు పట్టణపు నిఖత్ జరీన్ పేరు తెలియని యిల్లు నేడుండదు. ముఖము వాచి యింటికి వచ్చిన కూతురును జూచి తల్లి, దీనికి పెండ్లి యెట్లగునాయని తొలుత దిగులు పడెనని పత్రికలలో చదివితిని. ఆ తల్లిని మన మాక్షేపింపరాదు, మనమును అంతే. తండ్రి మాత్రము బంధువులెన్ని యన్నను కూతురి ప్రక్కనే నిలిచెను. నిఖత్ 2022 మే 19వ తేదీన తుర్కియే దేశపు ఇస్తాంబుల్ నగరమున ప్రపంచ ముష్టియుద్ధపు పోటీలలో బంగారము గెలిచెను. ఆ యేడు భారత స్త్రీలకు వచ్చిన బంగారు పతకమది యొక్కటే. మరుసటి యేడు 2023 మార్చి నెలలో అవే పోటీలు మన ఢిల్లీ నగరమున జరిగెను. ఇందిరాగాంధీ స్టేడియములో తనవారి కేకల నడుమ నిఖత్ మరల గెలిచెను; ఆమెతో గూడ మన స్త్రీలు నలుగురు బంగారములు గెలిచిరి. పరదేశమున నొకటి, సొంతగడ్డపై నాలుగు! ఇదియంతయు చప్పట్ల మహిమయే యని వ్రాయుట సులభము. కాని ఆ యేడు పోటీలను నడుపు సంఘముతో తగవుపడి పెక్కు పాశ్చాత్య దేశములవారు రాలేదన్న సంగతిని దాచరాదు. ఇక 2024లో పారిస్ ఒలింపిక్సునకు నిఖత్ పోవునపుడు పతకము తప్పదని దేశమంతయు తలచెను. రెండవ పోరాటమునందే చైనా దేశపు వూ యూ చేతిలో ఓడెను. ప్రత్యర్థి ప్రపంచ విజేత, మిక్కిలి బలవంతురాలు. ఓటమికి ఆ కారణము చాలును. అయినను కోట్లమంది యాశను చిన్న భుజములపై మోయుట యెట్టిదో ఆ కన్నీరు చూచినవారికి తెలిసినది.

హైదరాబాదు పూసర్ల సింధు 2016 ఆగస్టు 19వ తేదీన రియో నగరమున స్పెయిన్ దేశపు కరోలినా మారిన్‌తో బంగారమునకై యాడినపుడు మన రెండు రాష్ట్రములలో టీవీ పెట్టని యిల్లు లేదనిన అతిశయోక్తి కాదు. దేవాలయములలో పూజలు, మసీదులలో దువాలు, చర్చిలలో ప్రార్థనలు జరిగెను. తొలి ఆట 21-19గా సింధు గెలిచెను. పిదప 12-21, 15-21గా రెండును పోయెను. సంకల్పములను లెక్కించి జయ మిచ్చు దేవుడుండినచో స్పెయిన్ వంటి చిన్న దేశము మనతో నెట్లు గెలువగలదు? లోకమందలి పతకములన్నియు మనకును చైనాకును పంచిపెట్టవలసివచ్చును. ఐదేండ్లకు, 2021 ఆగస్టు 1వ తేదీన, టోక్యోలో చూచువారు లేని మందిరమున సింధు 21-13, 21-15తో గెలిచి కంచుపతకము తెచ్చెను. అచట వినవచ్చినవి శిక్షకుని గొంతు, బూట్ల చప్పుడు, తన కేక. ఆమెకు అవియే చాలెను.

దూరమునుండి చేయు ప్రార్థనను గూర్చియు శాస్త్రజ్ఞులు పెద్ద పరీక్ష చేసిరి. అది ఆటలలో గాక వైద్యములో జరిగినది. అయినను మన ప్రశ్నకు దగ్గరిదే. అమెరికాలో హెర్బర్ట్ బెన్సను అను వైద్యుడు గుండెకు శస్త్రచికిత్స చేయించుకొను 1802 మందిని మూడు జట్లుగ చేసి, ఒక జట్టుకొరకు పరాయివారిచే ప్రార్థన చేయించెను, ఒక జట్టుకు చేయింపలేదు. ఈ రెండు జట్లకును సంగతి నిశ్చయముగ తెలియదు. మూడవ జట్టుకు, మీకొరకు తప్పక ప్రార్థించుచున్నారని చెప్పి ప్రార్థన చేయించెను. 2006లో ఫలితములు వెలువడినవి. తెలియనివారిలో ప్రార్థన పొందినవారికిని పొందనివారికిని భేదము లేదు. నూటికి సుమారు 52, 51 మందికి చిక్కులు కలిగినవి. తెలిసినవారిలో మాత్రము 59 మందికి కలిగినవి! నాకొరకు జనము ప్రార్థించునంత ప్రమాదమున నున్నానా యన్న బెదురు కారణము కావచ్చునని కొందరూహించిరి. దీనివలన ప్రార్థన వ్యర్థమని నేననను. మా యింట తులసికోటకు ప్రదక్షిణము చేయక నేను నీరు ముట్టను. ప్రార్థించు వారి మనసునకు శాంతి కలుగుట వేరు, తెలియక దూరమున నున్నవారి కాలికి వేగము కలుగుట వేరని మాత్రము చెప్పుచున్నాను.

అయితే కలసి చేయు పనికి బలము కలదన్న దానికి మంచి నిదర్శనము ఇంగ్లండులో దొరకినది. ఆక్సుఫర్డులో 2009లో పన్నెండుమంది పడవ నడుపువారిని ఒంటరిగను, జట్టుగను యంత్రములపై తెడ్డు వేయించి, పిదప నొప్పి నెంత ఓర్తురో చేతికి పట్టీ బిగించి కొలచిరి. శ్రమ సమానమే. లయ గలిపి కూడి చేసిననాడు ఓర్పు మిక్కిలి హెచ్చెను. దీనికి మనము ఆక్సుఫర్డు పోనక్కరలేదు. వానలో నడుము వంచి నాట్లు వేయు స్త్రీలు పాట యెందుకు పాడుదురో మన పల్లెల యందు నాటువేసిన యే యవ్వయైనను చెప్పును. పాట ఆగిననాడు నడుము నొచ్చును. బతుకమ్మ చుట్టు రెండు గడియలు చప్పట్లు చరచుచు తిరిగిన ముదుసలి స్త్రీ, మరునాడు బిందె యెత్తలేనని మూలుగును. అందువలన చూచువారి చప్పట్లకు లయ యున్నచో అది దీర్ఘశ్రమలో నున్నవారికి ఊతయగునని నమ్ముటకు నాకు సంకోచము లేదు. పదమూడు సెకనుల పరుగు వేరు, ఊపిరి తీయక సలుపు పోరు వేరు.

మాది శ్రీరాంపూర్. మంచిర్యాల జిల్లాలో, 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో, గోదావరికి చేరువనున్న బొగ్గుగనుల ఊరు. షిఫ్టు వేళలే మా యిండ్లకు గడియారము. మా వారు ఉపాధ్యాయులగుటచే ఆటల పోటీల కబుర్లు మా యింటికి తప్పక వచ్చును. ఇటీవల నొక ఆదివారము బాలికల కబడ్డీ చూచుటకు బోయితిని. మైదానము చుట్టు మగవారును మగపిల్లలును నిండియుండిరి. తల్లులు లెక్కకు ముగ్గురు. వారును దూరమున చెట్టునీడను కొంగు కప్పుకొని నిలిచిరి. కూతకు పోయిన పిల్లకు ముప్పది సెకనుల గడువు. ఆ ముప్పది సెకనులలో, కబడ్డీ కబడ్డీయని విడువక పలుకుచు ఎదుటి యేడుగురి చేతులలో పడక తాకి రావలెను. అటువంటి గడియలో ఇటునుండి ఇరువదిమంది ‘కుడికి!’ అని, అటునుండి ముప్పదిమంది ‘ఎడమకు!’ అని, ఇంకొకడు ‘వెనక్కు రా’ అని కేకలు! ఆ పిల్ల ఒక్క క్షణము తలద్రిప్పి చూచెను. ఆ క్షణమునందే మడమ పట్టిరి. నిజముగ తనను పేరుబెట్టి పిలిచి ధైర్యము చెప్పిన గొంతు ఆ గుంపులో నొక్కటియు లేదు. చూచువారి సలహా వేరు, చూచువారి తోడు వేరు. సలహా యిచ్చుటకు శిక్షకుడు గలడు.

ఒక తల్లితో మాటలాడితిని. కూతురు రెండేండ్లుగ నాడుచున్నను ఆమె పోటీ చూచుట అదే తొలిసారియట. ‘నేనుంటె దానికి సిగ్గయితదేమో అక్కా’ అన్నది. ఆమె మాటలో కొంత నిజము లేకపోలేదు. పైన చెప్పిన పరీక్షలును అదే చెప్పుచున్నవి. నా కర్థమైనంతవరకు వేళను బట్టి యుండవలెను. పిల్ల క్రొత్త పట్టు నేర్చుకొనుచుండగా తల్లి గట్టుపై గూర్చుండి కన్నార్పక చూడరాదు. నేర్చువేళ వదలివేయవలెను, పడి లేవనీయవలెను. నేర్చినపిమ్మట పోటీనాడు పోయి కూర్చుండవలెను. మనము దీనిని తలక్రిందులు చేయుచున్నాము: సాధన వేళ పోయి ‘ఇదేమి ఆట, కాలు విరుగును’ అని అందరి యెదుట గదమాయించి, పోటీనాడు వంటపని యున్నదని ఇంట నుందుము.

చూచువారి మాట యెంతటి గాయము చేయునో, యెట్లు మారునో తెలియవలెనన్న వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు జీవాంజి దీప్తిని జూడుడు. బుద్ధివికాసమున కొంత కొదువతో బుట్టిన యీ బిడ్డను ఊరివారిలో కొందరు చిన్ననాడు మొగముపైననే హేళన చేసిరని తల్లిదండ్రులే పత్రికలవారితో చెప్పుకొనిరి. ఆమె పరుగును బడిలోని వ్యాయామోపాధ్యాయుడు గుర్తించెను; పిదప నాగపురి రమేశ్ గారి శిక్షణ దొరకెను. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున నాలుగువందల మీటర్లు 55.07 సెకనులలో పరుగెత్తి తన వర్గమున ప్రపంచ రికార్డు స్థాపించెను. ఆ సెప్టెంబరు 3వ తేదీన పారిస్ పారాలింపిక్సులో 55.82 సెకనులతో కంచుపతకము గెలిచెను. అమ్ముకొన్న పొలమును ఆమె గెలిచిన సొమ్ముతో తిరిగి కొనిరట. హేళన చేసిన యూరే తోరణములు గట్టి యెదురువచ్చెను. నాకు మాత్రము తోరణముల నాటి జనముకన్న, ఎవ్వరును చూడని నాడు బడిమైదానమున నిలిచి చూచిన ఆ వ్యాయామోపాధ్యాయుని రెండు కన్నులే యెక్కువ విలువగలవిగ తోచును.

స్త్రీలు పందెములు చూచుట మన సంప్రదాయమునకు క్రొత్త యనువారు భాగవతము దశమస్కంధము తెరచి చూడవలెను. మథురలో చాణూర ముష్టికులతో కృష్ణబలరాములు తలపడినపుడు రంగస్థలమున స్త్రీలు గుంపులుగ నుండిరి. కొండలవంటి మల్లులతో పసిబాలురకు పోటీయా, ఇది చూచుచు మిన్నకున్న సభ్యులకు ధర్మము గలదా యని వారే నిలదీసిరి. పురుషులు బలాబలముల వినోదమున మునిగియుండగా, పోటీ న్యాయమా కాదా యని చూచిన కన్నులు స్త్రీలవి. ఎదుటిజట్టు పిల్ల పడి మోకాలు చీరుకొన్నను ‘అయ్యో’ యనువారు మైదానమున నుండవలెను. ఆ పిల్ల తల్లియు మన వంటిదే; ఆమెయు ఇంట వండుచు నున్నది.

వచ్చు నెల మా మండలమున బాలికల పోటీలు మరల జరుగనున్నవి. మా వాడలో ఎనమండ్రు స్త్రీలు వచ్చెదమని చెప్పిరి. మొదటి షిఫ్టునకు మగవారు పోయిన పిమ్మట అన్నము వార్చి బయలుదేరినచో పది గంటలకు చేరవచ్చును. ఆట నియమములు తెలియనివారికి ముందురోజు సాయంకాలము మా వారు అరుగుపై సుద్దతో గీతలు గీసి చూపుదురట. పిల్లల పేర్లు వ్రాసిన కాగితము నేను తెచ్చెదను. పేరు తెలియనిదే యెట్లు పిలుతుము? మైదానమున స్త్రీలు కూర్చుండుటకు చోటు లేదు, త్రాగునీరు లేదు, మరుగుదొడ్డి దూరము. ఈ మూటిని గూర్చి పెద్దలకు విన్నపము వ్రాయుచున్నాము. అంతవరకు ఎవరి చాప వారు, ఎవరి చెంబు వారు తెచ్చుకొనవలెను. గొడుగు మరువరాదు. తూర్పువైపున నీడ బొత్తిగ లేదు.